మురుగు చెరువు చేరకముందే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో తాగునీటి గురించి జరిగినంత చర్చ, వాడి పారబోసిన నీటి గురించి ఏనాడూ జరగలేదు. దానికి కారణం ఉంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్‌తో తరాల తరబడి నలిగిన నేల. సూర్యాపేట వాసులు ఏళ్లపాటు మూసీ నీటి మీద ఆధారపడి, అందులో హైదరాబాద్ మురుగు ఎంత కలిసిందోనన్న దిగులుతో బతికారు. అలాంటి చోటికి మిషన్ భగీరథ గొట్టాల్లో కృష్ణా నీళ్లు రావడం పెద్ద మార్పు. మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ఆ పథకం లక్ష్యం. ఇంట్లోకి వచ్చిన నీటిలో ఐదింట నాలుగు వంతులు మురుగై బయటికి పోతాయని ఇంజనీర్లు లెక్క వేస్తారు. 2011 జనాభా లెక్కల నాటికి సూర్యాపేటలో లక్షా ఆరు వేల పైచిలుకు, మిర్యాలగూడలో లక్షా నాలుగు వేల పైచిలుకు, కోదాడలో 64 వేల పైచిలుకు మంది ఉన్నారు. ఈ లెక్కన మూడు పట్టణాలు కలిసి రోజుకు దాదాపు 3 కోట్ల లీటర్ల మురుగును వదులుతాయి. జనాభా అప్పటికంటే పెరిగింది కాబట్టి అసలు లెక్క దీన్ని దాటవచ్చు. అన్ని ఇళ్లకూ 135 లీటర్లు అందకపోతే తగ్గవచ్చు. ఎటు చూసినా ఏడాదికి ఒక టీఎంసీలో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. సూర్యాపేట పక్కనే ఉన్న మూసీ ప్రాజెక్టు మొత్తం నిల్వ 4.46 టీఎంసీలు. అందులో పన్నెండో వంతుకు దగ్గరగా వచ్చే నీళ్లు, ఎవరి లెక్కలోనూ లేకుండా, ప్రతి ఏటా మోరీల వెంట పోతున్నాయన్నమాట.

ఈ నీటిని శుద్ధి చేయాలన్న విషయంలో ఇప్పుడు ఎవరికీ పేచీ లేదు. తేలవలసింది ఎలా శుద్ధి చేయాలి, ముందు ఏది చేయాలి అన్నదే. చిన్న పట్టణాలు హైదరాబాద్‌ను చూసి అడుగులు వేస్తే దెబ్బతింటాయని నా అభిప్రాయం. వీధి వీధినా భూగర్భ డ్రైనేజీ, చివర కరెంటుతో తిరిగే పెద్ద మురుగు శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) అన్న క్రమం రాజధానికి తప్పనిసరి కావచ్చు. లక్ష జనాభా ఉన్న ఊరికి మాత్రం మొదటి అడుగు వేరేగా ఉండాలి. మోరీ చెరువులో పడే చోటే మురుగును ఆపాలి. కరెంటు అవసరం లేని, లేదా అతి తక్కువ కరెంటుతో నడిచే కుంటల్లో దాన్ని కొన్ని రోజులు నిలపాలి. సెప్టిక్ ట్యాంకుల నుంచి తోడిన మలబురదను వేరే కేంద్రంలో శుద్ధి చేయాలి. భూగర్భ గొట్టాలు ఆ తర్వాత, కిక్కిరిసిన వార్డులతో మొదలై, డబ్బు ఉన్నకొద్దీ రావచ్చు.

ఈ క్రమం ఎందుకో తెలియాలంటే మన ఇళ్ల వెనక ఏం జరుగుతున్నదో చూడాలి. ఈ పట్టణాల్లో మరుగుదొడ్డి అంటే చాలావరకు సెప్టిక్ ట్యాంకే. పద్ధతి ప్రకారం కట్టిన ట్యాంకులో రెండు మూడు గదులుంటాయి. బరువైనది అడుగున బురదగా పేరుకుంటుంది, తేలికైనది పైన తెట్టులా తేలుతుంది, మధ్యలోని నీరు బయటికి పోతుంది. ఆ నీరు చూడటానికి కాస్త తేటగా ఉన్నా రోగక్రిములు అందులో దాదాపు అలాగే ఉంటాయి. అందుకే దాన్ని ఇంకుడు గుంతలోకి పంపి మట్టి చేత వడకట్టించాలంటారు. ఇరుకు జాగాల్లో ఇంకుడు గుంతకు చోటెక్కడిది? గొట్టం నేరుగా మోరీలోకి పెడతారు. ఇక అడుగున ఉండే బురదను రెండు మూడేళ్లకోసారి తోడించాలి. ట్యాంకు పొంగి ఇల్లు కంపు కొట్టేదాకా ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు వచ్చే సెప్టిక్ ట్యాంకు బండి తోడిన సరుకును ఎక్కడ పోస్తుంది? శుద్ధి కేంద్రం అందుబాటులో లేని ఊళ్లో ఊరవతలి వాగులోనో, బీడులోనో, డబ్బిచ్చి పోయించుకునే రైతు పొలంలోనో పోస్తుంది. బహిరంగ మలవిసర్జన లేని ఊరని బోర్డు పెట్టుకున్నాక కూడా, ఒక వీధి వీధంతటి మలం ఒకే చోట ఆరుబయట పడుతోందంటే పని సగంలోనే ఆగిందని అర్థం.

మోరీల నీరు పల్లానికి పోతుంది, మన ఊళ్లలో పల్లమంటే చెరువే. సూర్యాపేట సద్దుల చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దారు. కోదాడకు పెద్ద చెరువు ఉంది. కట్ట మీద దీపాలు, నడకదారి, బతుకమ్మ ఘాట్ వచ్చినందుకు ఏ ఊరివారైనా సంతోషించాల్సిందే. కానీ కట్టకు ఎంత ఖర్చు పెట్టినా, లోపలికి దిగే నీటి సంగతి తేలనంతకాలం ఆ పని నిలవదు. మురుగులోని నత్రజని, భాస్వరం గుర్రపుడెక్కకు ఎరువవుతాయి. కుళ్లే పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. తెల్లవారుజామున అది మరీ అడుగంటుతుంది, చేపలు తెల్లపొట్టలు తేల్చి చచ్చేది అప్పుడే. ఏటా గుర్రపుడెక్క తీయించడానికి డబ్బు పెట్టడం రోగాన్ని వదిలి జ్వరానికి మందు వేయడం లాంటిది. నీటి సంగతి ఇన్‌ఫ్లో దగ్గర తేలాలి, కట్ట దగ్గర కాదు.

ఇక పెద్ద యంత్రాల ఎస్టీపీ గురించి. దేశం అనుభవం ఏం చెబుతోందో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రచురించిన లెక్కల్లో ఉంది. అప్పట్లో దేశంలోని పట్టణాల నుంచి రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుట్టేది. శుద్ధికి కట్టిన సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధి అయినది 20,236 మిలియన్ లీటర్లు. తెలంగాణలో అప్పుడు పుట్టినది 2,660, కట్టినది 901, శుద్ధి అయినది 706. మొదటి రెండు అంకెల మధ్య దూరాన్ని చూసి ఇంకా కట్టాలని అందరూ అంటారు. నాకు అంతకంటే బాధ కలిగించేది రెండో అంకెకూ మూడో అంకెకూ మధ్య ఉన్న దూరం. దేశంలో కట్టిన సామర్థ్యంలో మూడో వంతుకు పైగా పని చేయలేదు. డబ్బు పెట్టి, శిలాఫలకం వేసి, ఆ తర్వాత వాడకుండా వదిలేసినది అది. మురుగు కేంద్రం దాకా చేరేలా గొట్టాలు వేయకపోవడం ఒక కారణం. కరెంటు బిల్లు, మోటార్ల మరమ్మతు, పని తెలిసిన ఆపరేటర్ కొరత మరో కారణం. నీటిలోకి రోజంతా గాలి కొట్టే బ్లోయర్లు ఆగితే సూక్ష్మజీవులు చస్తాయి, వాటిని మళ్లీ పెంచి నిలబెట్టడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. హైదరాబాద్ జలమండలికి ఇంజనీర్లున్నారు, ప్రయోగశాలలున్నాయి. ఆ నగరానికి మురుగు వ్యవస్థ మీద వందేళ్ల అనుభవం ఉంది. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న భూగర్భ డ్రైనేజీ అది. అంతటి నగరంలోనే మురుగు ఇవాళ్టికీ మూసీలో కలుస్తోంది. వీధి దీపాల బిల్లుకే తడుముకునే మున్సిపాలిటీ మీద అదే యంత్రాన్ని మోపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

కుంటల పద్ధతికి పెద్ద పేరు లేదు గానీ పని గట్టిది. మొదటి కుంట లోతుగా, రెండు నుంచి ఐదు మీటర్లు ఉంటుంది. అక్కడ బురద దిగుతుంది, గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి తింటాయి. రెండోది ఒకటి రెండు మీటర్ల లోతున వెడల్పుగా ఉంటుంది. అక్కడ ఎండకు నాచు పెరిగి పగలంతా ఆక్సిజన్ వదులుతుంది, బ్లోయర్ చేయాల్సిన పని సూర్యుడు చేస్తాడు. చివరి కుంటలకు లోతు ఇంకా తక్కువ, మీటరే. వెలుగు అడుగుదాకా దిగి రోగక్రిములను చంపుతుంది. నులిపురుగుల గుడ్లు బరువైనవి కాబట్టి నిలిచిన నీటిలో అడుగుకు చేరిపోతాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే సూర్యాపేట ప్రాంతం కంటే దీనికి అనువైన చోటు దొరకదు. ఇది పుస్తకాల మాట కాదనడానికి సాక్ష్యం మన మూసీయే. హైదరాబాద్ దిగువన మూసీ మీద పూర్వం నుంచి సాగుకోసం కట్టిన కత్వలున్నాయి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులతో కూడిన బృందం నగరం నుంచి 40 కిలోమీటర్ల దాకా నీటిని పరీక్షించింది. కత్వల వెనక నీరు నిలిచి, బురద దిగి, దూరం పోయేకొద్దీ కుళ్లు పదార్థమూ నులిపురుగుల గుడ్లూ బాగా తగ్గాయని 2010లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది. ఎవరూ శుద్ధి కోసం కట్టని ఆ రాతి కట్టలే నీళ్లను అంత మార్చగలిగితే, అందుకోసమే కొలతలు వేసి తవ్విన కుంటలు ఇంకెంత చేయగలవు! నీటి ఉప్పదనం మాత్రం దూరం పోయేకొద్దీ పెరిగిందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. నిలవబెట్టడంతో అన్నీ పోవు, కరిగిన లవణాలు ఉండిపోతాయి.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో గట్టిది భూమి. కుంటలకు స్థూలంగా మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్ల జాగా కావాలి. 64 వేల మంది కోదాడకు లెక్క కడితే 16 నుంచి 32 ఎకరాలు. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీదున్న ఊరిలో అన్ని ఎకరాలు కొనడమంటే మాటలు కాదు, యంత్రాల ఎస్టీపీ అందులో కొద్ది వంతులో సరిపోతుంది. ఈ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ మురుగు అంతా ఒకే చోటికి చేరాలన్న నియమం లేదు. ఊరి మోరీలు నాలుగైదు వైపులకు దిగుతాయి. ఒక్కో వైపు ప్రభుత్వ భూమి ఎంత దొరికితే అంతలో చిన్న కేంద్రం కట్టవచ్చు. జాగా మరీ తక్కువైన చోట అడ్డుగోడలున్న మూత తొట్టెల గుండా మురుగును నడిపి, తర్వాత కంకర పరుపులో తుంగ, మెట్టతామర నాటి వడకట్టే పద్ధతి ఉంది. దానికి కుంటలంత జాగా అక్కర్లేదు, కరెంటూ దాదాపు అక్కర్లేదు. ఊరి నడిబొడ్డున వేరే దారి లేక యంత్రాల కేంద్రమే కట్టాల్సి వస్తే కట్టాలి. అయితే కట్టే కాంట్రాక్టరుకే 15 ఏళ్ల నిర్వహణ అప్పగించి, బయటికి వచ్చే నీటి నాణ్యత చూసి బిల్లు చెల్లించే షరతు పెట్టాలి. గంగా ప్రక్షాళనలో ఇలాంటి ఒప్పందాలు అమలయ్యాయి. నిర్మాణ సమయంలో 40 శాతమే ఇచ్చి, మిగిలిన 60 శాతాన్ని పనితీరును బట్టి ఏళ్ల తరబడి చెల్లిస్తారు.

దోమలూ కంపూ వస్తాయని ఇంకో మాట. గట్లకు రాతి పరుపు వేసి, అంచున గడ్డి పెరగనివ్వకుండా చూస్తే దోమలు అంతగా పుట్టవు. అంచనాకు మించి మురుగు వచ్చి పడితే మొదటి కుంట కంపు కొడుతుంది. కాబట్టి సరైన కొలతలు వేయడం, కొన్నేళ్లకోసారి బురద తీయడం తప్పదు. ఇప్పుడున్న తెరిచిన మోరీ ఏ కొలతా లేకుండా ఊరి మధ్యే ఈ రెండింటినీ పుట్టిస్తోందని మరచిపోరాదు.

మురుగు పొలానికి ఎరువే కదా, రైతే వాడుకుంటున్నాడు, శుద్ధి దేనికని అడిగేవారు పల్లెల్లో ఎక్కువ. ఎరువన్నది నిజమే. కానీ నత్రజని మోతాదు మించితే వరి ఏపుగా పెరిగి ఒరిగిపోతుంది, అగ్గితెగులు పట్టుకుంటుంది. మోకాలి లోతు మురుగులో నాటు వేసే ఆడకూలీల కాళ్ల గుండా కొంకిపురుగు దిగుతుంది. మూసీ వెంట మురుగుతో సాగు చేసే కుటుంబాల్లో అది ఎక్కువగా ఉందని ఆ నది మీద జరిగిన పరిశోధనలే చూపాయి. రైతుకు నీళ్లు దక్కాలి, జబ్బు అంటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు కూడా మురుగు నీటితో సాగును నిషేధించమనలేదు. శుద్ధి చేయడం, పచ్చిగా తినే ఆకుకూరలకు పెట్టకపోవడం, కోతకు కొన్ని రోజుల ముందే ఆపడం, కూలీకి బూట్లు ఇవ్వడం, ఇలా ఒకదాని వెనక ఒకటి అడ్డుకట్టలు వేయమంది. కోల్‌కతా తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేలల్లో నగరపు మురుగుతో చేపలు పెంచి, వరి, కూరగాయలు పండిస్తారు. 2002లో వాటికి అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలుగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కోలారు. తెలుగు మాటలు ఇంటింటా వినిపించే ఆ కరవు జిల్లాకు 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీటిని ఎత్తిపోసి చెరువులు నింపుతున్నారు. మొదలైన కొన్ని వారాలకే ఒక చెరువులో నురగ కనిపించి వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత చెరువులు నిండి భూగర్భ జలం పైకి వచ్చిందన్నదీ నిజం, నీటి నాణ్యత మీద రైతుల అనుమానాలు తీరలేదన్నదీ నిజం. ఫ్లోరైడ్ బాధ తెలిసిన నల్లగొండ, సూర్యాపేట జిల్లాలు నేర్చుకోవలసింది ఇదే. శుద్ధి చేసిన నీటిని ప్రతి నెలా పరీక్షించి, ఫలితాన్ని చెరువు కట్ట మీద బోర్డు రాసి పెట్టకపోతే ఆ నీటిని ఎవరూ నమ్మరు, నమ్మనవసరం కూడా లేదు.

మిర్యాలగూడకు మాత్రం ఒక చిక్కు ఎక్కువ. సాగర్ ఎడమకాల్వ కింద పండిన వడ్లను ఆడించే రైస్ మిల్లులకు ఆ ఊరు పెట్టింది పేరు. ఉప్పుడు బియ్యం చేయడానికి వడ్లను నానబెట్టిన నీరు పులిసి, ఇళ్ల మురుగు కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. కిలో వడ్లకు లీటరుకు అటూ ఇటూగా అలాంటి నీరు బయటికొస్తుంది. అది పట్టణపు మోరీలో కలిస్తే, ఇళ్ల మురుగును చూసి వేసిన కొలతలన్నీ తప్పుతాయి, కుంటలైనా యంత్రమైనా కుదేలవుతుంది. మిల్లు నీటిని మిల్లు దగ్గరే శుద్ధి చేయడం యజమానుల చట్టబద్ధమైన బాధ్యత. ఆ ఖర్చును పట్టణం మీద వేయడం న్యాయం కాదు. చిన్న మిల్లులకు ఒక్కొక్కటిగా భారమైతే కలిసి ఉమ్మడి కేంద్రం పెట్టుకోవచ్చు. వడ్ల ధర, కరెంటు చార్జీల మీద ఒక్కతాటి మీదికి రాగలిగిన మిల్లర్ల సంఘానికి ఇది చేతకాని పని కాదు.

డబ్బు లేదన్న మాట ఒకప్పటంత బలంగా ఇప్పుడు చెల్లదు. 2015లో మొదలైన కేంద్ర పథకం అమృత్ లక్ష జనాభా దాటిన పట్టణాలది, సూర్యాపేట, మిర్యాలగూడ అందులో ఉన్నాయి, కోదాడకు చోటు దొరకలేదు. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశ లక్షలోపు పట్టణాల వాడిన నీటి శుద్ధికీ నిధులు కేటాయించింది. మలబురద శుద్ధికి నమూనాలు మన మధ్యే ఉన్నాయి. దానికి ప్రత్యేక నిబంధనలు తెచ్చుకున్న తొలి నగరాల్లో వరంగల్ ఒకటి, అది 2016లోనే చేసింది. పశ్చిమ గోదావరిలో నర్సాపురం లాంటి చిన్న పట్టణం కూడా శుద్ధి కేంద్రం పెట్టుకుంది. ఇక నిర్వహణ అంటారా, దానికి సూర్యాపేట తన చరిత్రలోకే తొంగి చూసుకోవచ్చు. ఈ శతాబ్దం మొదట్లో కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో ఆ ఊరు వీధుల్లో చెత్తకుండీలే తీసేసింది. ఇంటింటా తడి, పొడి వేరుచేసి తీసుకుని, తడిది ఎరువు చేసి, పొడిది అమ్మి, దేశమంతా చూసిపోయే ఊరయింది. కోట్ల యంత్రం ఏదీ రాలేదు. రోజూ ఒకే వేళకు బండి వచ్చింది, అంతే. మురుగుకూ కావలసింది అలాంటి నడకే, ఒక అధికారి బదిలీతో ఆగిపోకుండా పాలకవర్గం తీర్మానంగా, బడ్జెట్‌లో వేరు పద్దుగా నిలిచే నడక.

ఇందులో ప్రాణాల లెక్క కూడా ఉంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. తెలుగు బిడ్డ బెజవాడ విల్సన్, ఆయన సహచరులు దశాబ్దాలు పోరాడితే వచ్చిన చట్టం అది. మురుగు గుంతల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ట్యాంకును వేళకు యంత్రంతో తోడే ఏర్పాటు మున్సిపాలిటీయే చేసి, ఇంటి పన్నుతోపాటు చిన్న రుసుము వసూలు చేస్తే, బురద గట్టిపడి మనిషి దిగాల్సిన పరిస్థితే రాదు.

ఈ మూడు పట్టణాల్లో ఇల్లున్న ప్రతి ఒక్కరూ రెండు పనులు చేయగలరు. ఈసారి మీ ఇంటికి సెప్టిక్ ట్యాంకు బండి వచ్చినప్పుడు సరుకు ఎక్కడ పోస్తారో అడగండి. శుద్ధి కేంద్రానికి అని జవాబు రాకపోతే ఆ బండిని పిలవకండి, మున్సిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రాబోయే మున్సిపల్ బడ్జెట్ సమావేశానికి ముందు మీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లి, మురుగు శుద్ధి నిర్వహణకు ఈ ఏడాది ఎంత పద్దు పెట్టారో అంకె చెప్పమనండి.